ఇసుక కేకు

మా అక్క ఎస్తరును సమాధి చేసిన తర్వాత నేను వెంటనే విరుదునగర్‌కు తిరిగి వెళ్ళలేదు. కోవిల్‌పట్టిలో అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఇద్దరు మనుషులకు అలవాటుపడిన ఇంట్లో ఒక్కర్ని వదిలి బస్సెక్కడానికి మనసొప్పలేదు. ఏం చేయాలో తోచక అటక మీది సామాను దింపుతూ కూర్చున్నాను. చిల్లులు పడిన జల్లెడ, పిడి ఊడిన గరిటెలు, నాయన వాడిన గొడుగు, వాటి వెనకాల గోడకు ఆనించి మందపాటి అల్యూమినియం గుండిగ. అడుగంతా నల్లగా మాడి ఉంది. ఎత్తబోతే కదలలేదు. మూత తీసి చూస్తే లోపల సగానికి ఇసుక.

"ఏందే అది, అంత రొప్పతా దించతా ఉండావు?" అంది కింద మంచం మీద కూర్చున్న అమ్మ.

"అవ్వ కేకు గుండిగమ్మా. ఇసకతో అట్టే ఉండాది."

అమ్మ అటక వైపు తలెత్తి చూసి, "ఇసక మునగ సెట్టు కింద పొయ్యి. గుండిగ పాత సామానోడు వస్తే ఏసెయ్యి," అంది. అన్నట్టే చేశాను. ఎన్నో ఏళ్ళు నిప్పుల మీద వేగి వేగి ఆ ఇసుక ముదురు గోధుమరంగుకు తిరిగింది. చెట్టు మొదట్లో గుమ్మరిస్తే మట్టిలో కలవకుండా వేరుగా, కుప్పగా నిలబడింది. దాన్ని చూస్తూ చాలాసేపు పెరట్లోనే నిలబడ్డాను.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతామే గాని చదవం. గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థన తమిళంలో, బడిలో పాఠం తమిళంలో, అంగట్లో బేరం తమిళంలో. వాకిలి దాటి లోపలికి వచ్చాక తిట్టుకోవడానికీ ఏడవడానికీ తెలుగు. అక్షరాలు నేను పెళ్ళయ్యాక, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, పట్టుబట్టి నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు అక్క గురించి ఎప్పటికైనా రాయాలనుకునేదాన్ని. ఆమె ఉండగా రాసి ఉంటే చదివి వినిపించేదాన్ని కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అది ఇక జరిగే పని కాదు.

మా వీధికి ఒక పక్క వేరుశనగ మిఠాయి చేసే షెడ్డు ఉండేది. పొద్దున్నే బెల్లం పాకం కాగే వాసన ఇంటింట్లోకీ వచ్చేది. ఇంకో పక్క అగ్గిపెట్టెల షెడ్లు. అమ్మ అక్కడ చట్రాల్లో పుల్లలు పేర్చేది. సాయంత్రం ఆమె ఇంటికి వస్తే చీరకు అగ్గిపుల్ల మందు వాసన, అన్నం కలిపి ముద్ద పెట్టినా వేళ్ళకు అదే వాసన. నాయన మిరపకాయల గోడౌన్లో మూటలు మోసేవాడు. ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఇంట్లో అందరం తుమ్మేవాళ్ళం. ఇన్ని ఘాటు వాసనల మధ్య పెరిగినందువల్లనో ఏమో, క్రిస్మస్‌కు ముందు రోజు మా ఇంట్లో పుట్టే ఆ ఒక్క వాసన నాకు వేరే లోకం నుంచి వచ్చినట్టుండేది. కరుప్పట్టి, అంటే తాటిబెల్లం, శొంఠి, కోడిగుడ్లు, బొగ్గుల పొగ కలిసిన వాసన.

ఆ కేకు మా అవ్వది, నాయన తల్లిది. వయసులో ఉండగా ఆమె ఒక మిషను బంగళాలో అంట్లు తోమేది. వంటగదిలో ఇనుప పొయ్యి లోపలికి పిండి పళ్ళెం తోసి, తలుపు వేసి, పొంగిన కేకు బయటికి తీయడం గుమ్మం పక్క నుంచి చూసి నేర్చుకుంది. అవ్వకు ఇనుప పొయ్యి లేదు. వైప్పారు ఏటి ఇసుక తెచ్చి జల్లించి ఎండబెట్టి గుండిగలో పోసింది. పొయ్యి మీద ఆ ఇసుక కాగాక పిండి గిన్నె దాని మీద పెట్టి, మూత వేసి, మూత మీద బొగ్గు నిప్పులు పరిచింది. చక్కెర బదులు కరుప్పట్టి, వెన్న బదులు డాల్డా. ఎండు పండ్లు మా తాహతుకు రావు గనక జీడిపప్పు బద్దలు. నల్లగా, బరువుగా, పైన పగుళ్ళతో వచ్చేది. వీధిలో వాళ్ళు నవ్వుతూ 'ఇసక కేకు' అనేవాళ్ళు, నవ్వుతూనే పళ్ళెం చాపేవాళ్ళు. అచ్చు మురుకులు, పెసరపిండి ఉండలు అన్ని కిరస్తానీ ఇళ్ళలోనూ చేసేవారు. కేకు మాత్రం మా ఒక్క ఇంట్లోనే. అందుకని ఆ ఒక్క రోజు అవ్వ వీధిలో నడిచే నడకే మారిపోయేది.

అవ్వకు కళ్ళు మసకబారాక నిప్పుల పని అక్క చేతికి వచ్చింది. నాకంటే పెద్దది గనక వచ్చిందని నేననుకునేదాన్ని. కాదని తర్వాత తెలిసింది. నాకూ ఒకసారి అప్పజెప్పి చూశారు, అడుగు మాడిపోయింది. అక్క మూతకు జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఎవరో చెప్పేది వింటున్నట్టు ఉండేది. తర్వాత పట్టకారుతో రెండు బొగ్గులు తీసేసేది, లేదా ఒకటి ఇటు జరిపేది.

"ఎట్ట తెలస్తాదక్కా?" అని అడిగితే, "సేతికి తెలస్తాది. నాకేం తెల్దు," అనేది.

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని అందరికీ వినపడేలా అనేది: "ఈ బిడ్డి సెయ్యి సూడండి. నాకంటే మంచి సెయ్యి. ఏ ఇంటికి పోతాదో, ఆ ఇంటోళ్ళు పున్నెం సేసుకోనుండాల." అక్క సిగ్గుపడి బొగ్గులు ఊదుతున్నట్టు మొహం పక్కకి తిప్పుకునేది.

అవ్వ పోయిన తర్వాత రెండు మూడేళ్ళకు అక్క తాయిల్పట్టికి పనికి వెళ్ళింది. అక్కడ మా చిన్నమ్మ ఇల్లు ఉంది. చుట్టూ బాణసంచా షెడ్లు. అగ్గిపెట్టెల పని కంటే పటాసుల పనికి కూలి ఎక్కువ. నాయన నడుము అప్పటికే వంగిపోయింది, నన్ను చదివించాలన్న పట్టుదల అక్కదే. ఆదివారం గుడికి వచ్చి, మధ్యాహ్నం అన్నం తిని, మళ్ళీ బస్సెక్కేది. వచ్చినప్పుడల్లా చేతులకు వెండి రంగు మందు అంటుకుని ఉండేది, ఎంత తోమినా గోళ్ళ సందుల్లో మిగిలేది. ఆ చిన్నమ్మ ద్వారానే అరుప్పుకోట్టైలో మరమగ్గాలున్న ఒక కుటుంబంతో మాట కుదిరింది. ఈస్టరు పోయాక పెళ్ళి అనుకున్నారు. అబ్బాయి ఒకసారి మా ఇంటికి వచ్చి అవ్వ ఫోటో కింద కూర్చుని కాఫీ తాగాడు. అక్క లోపల నుంచి రాలేదు గాని, అతను వెళ్ళాక ఆ గ్లాసు తనే కడిగింది.

దీపావళికి ముందు షెడ్లలో పని ఊపిరాడనట్టు జరిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, వీధి చివర ఫోను కొట్టు అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాయన కంచం ముందు నుంచి లేచి వెళ్ళాడు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "బిడ్డి ఉండాది. ఉండాది," అన్నాడు. ఎందుకు అలా అన్నాడో మాకు మదురై ఆసుపత్రికి చేరాక తెలిసింది. పక్క గదిలో మందు రాచుకుని పేలింది. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ దక్కలేదు. బయట వరండాలో పనిచేస్తున్న ఒక పిల్ల చీరకు నిప్పంటుకుంది. అందరూ పొలాల్లోకి పరుగెత్తుతుంటే అక్క వెనక్కి తిరిగి ఆ మంటను తన చేతులతో కొట్టింది. నీళ్ళు దూరం, గోనె దొరకలేదు, ఉన్నవి చేతులే. ఆ పిల్ల రెండు రోజులు బతికింది. చేతులతో మంట ఆర్పిన సంగతి అక్క చెప్పలేదు, ఆ పిల్ల తల్లి చెప్పింది. అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని, కట్లు కట్టిన ఆ చేతులను ముట్టుకోలేక మంచం కోడును నిమురుతూ చెప్పింది.

క్రిస్మస్‌కు కాస్త ముందు అక్కను ఇంటికి తెచ్చాం. మేమందరం మాట్లాడుకోకుండానే ఒక నిర్ణయానికి వచ్చేశాం. అక్క కంటికి నిప్పు కనపడకూడదు. అమ్మ పొయ్యిని పెరటి గోడ అవతలికి మార్చింది. అన్నం అక్క నిద్రలో ఉన్నప్పుడు వండేది. అగ్గిపెట్టెలు తయారుచేసే మనుషుల ఇంట్లో అగ్గిపెట్టె కనపడకుండా దాచాం. అందువల్ల ఆ ఏడు పిండివంటల ఊసే ఎవరూ ఎత్తలేదు. వీధిలో అందరి ఇళ్ళలోనూ నూనె కాగుతోంది, పిల్లలు పిండి మరకు పరుగెత్తుతున్నారు, మా ఇల్లు మాత్రం సద్దు లేకుండా ఉంది. క్రిస్మస్ ముందు రోజు పదకొండు గంటల వేళ పక్కింటి జెబమణి అత్త పళ్ళెం నిండా అచ్చు మురుకులు, పైన గుడ్డ కప్పి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. మా వైపు ఒక ఆచారం ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది పండగకు పొయ్యి మీద బాణలి పెట్టరు. ఇరుగుపొరుగు వాళ్ళే తెచ్చి పెడతారు. జెబమణి అత్త ఆ ఉద్దేశంతో తేలేదు, జాలితో తెచ్చింది. కాని అక్క మంచం మీద నుంచి చూసింది.

"ఏమ్మా, మనింటిలో పలకారం సెయ్యలేదా?"

"ఈ ఏడు వద్దులేమ్మా. నీకి ఒళ్ళు బాగవనీ, వచ్చే ఏడు సేస్తాము," అంది అమ్మ.

"అత్త ఎందుకి తెచ్చింది?"

అమ్మ పళ్ళెం మీది గుడ్డను మళ్ళీ సర్దింది.

"సావు ఇంటికి తెచ్చినట్ట తెచ్చింది కదా. ఈ ఇంటిలో ఎవరు సచ్చిరి? నేను సచ్చిపోతినా?" అక్క గొంతు పెద్దదయింది. ఆసుపత్రిలో కట్లు విప్పేటప్పుడు కూడా ఆమె అంత గట్టిగా అరవలేదు. "సెప్పుమ్మా. ఊపిరి ఉండాదా లేదా నాకి? నా కండ్లకి కనపడకుండా అడుప్పు గూడ దాసి పెట్టిరి మీరు. నాకి తెల్దు అనుకోనుండారా?"

జెబమణి అత్త ఏడుస్తూ వెళ్ళిపోయింది. నాయన మెల్లగా లేచి, నడుము పట్టుకుని, అటక మీది నుంచి గుండిగ దింపాడు. అమ్మ ఆయన వైపు కోపంగా చూసింది గాని ఆపలేదు. పొయ్యిని మళ్ళీ దాని చోటికి తెచ్చారు. నేను కోడిగుడ్లకు పరుగెత్తాను. కరుప్పట్టిని రోట్లో దంచే చప్పుడు వినపడగానే వీధిలో వాళ్ళు తొంగిచూశారు. అక్క మంచం దిగి వచ్చి వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుంది. పొయ్యి వెలిగేటప్పుడు మేమందరం ఆమె మొహమే చూస్తున్నాం. ఆమె మంటనే చూస్తోంది. భయపడలేదు. మేం అనుకున్నదేదీ ఆమెలో లేదు. "శొంటి ఇంకొంచం ఎయ్యి, అవ్వ దానికి ఇంకా కారం ఉంటాది," అంది. ఇసుక కాగింది. గిన్నె పెట్టి, మూత వేసి, అమ్మ నిప్పులు పరిచింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఆ వాసన మొదలైంది. నాయన గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కొద్దిసేపు ఏదో గట్టెక్కినట్టే అనిపించింది నాకు.

అప్పుడు అక్క లేచి వచ్చి, ఎప్పటిలాగే మూత మీదికి కుడి అరచెయ్యి చాపింది. కొత్తగా వచ్చిన చర్మం, గులాబీ రంగులో, బిగుతుగా, వేళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. కళ్ళు మూసుకుంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత చెయ్యి కొద్దిగా కిందికి దించింది. ఇంకా దించింది. నిప్పుల మీదికి చెయ్యి వెళ్ళిపోతోందని అమ్మ చూసి ఒక్క గుంజు గుంజింది.

"ఏంటికే అంత దగ్గరికి పోతివి!"

"ఏమీ తెలవలేదమ్మా," అంది అక్క. అరుపు లేదు, ఏడుపు లేదు. చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది, పక్కవాళ్ళ వస్తువు పొరపాటున తన దగ్గరికి వచ్చినట్టు. "సల్లగా ఉందో, కాలతా ఉందో, ఏమీ తెలవలేదు."

ఆ ఏడు కేకు అంచులు మాడి, నడుమ పచ్చిగా ఉండిపోయింది. అమ్మ పచ్చి భాగం పక్కకు తీసి మిగతాది కోసింది. అక్కకు నేను తినిపించాను. నమిలి మింగి, "అవ్వ ఉంటే తిట్టును," అని మాత్రం అంది. గుండిగ చల్లారాక నాయన దాన్ని ఇసుకతో సహా అటక మీద పెట్టాడు. మళ్ళీ ఎవరూ దింపలేదు.

అరుప్పుకోట్టై వాళ్ళు ఒకసారి వచ్చారు, అరటిపండ్ల హస్తం తెచ్చారు. అబ్బాయి రాలేదు, తల్లి వచ్చింది. బాధపడింది, ప్రార్థన చేసింది, వెళ్ళింది. తర్వాత కబురు లేదు. అక్క ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. వేళ్ళు సగం తెరుచుకునే చేతులతో మగ్గాల ఇంట్లో ఏం చేయగలను అనుకుందో, అతని కోసం లోపల ఏడ్చిందో నాకు తెలియదు. మా మధ్య అలాంటి మాటలు ఉండేవి కావు. మా వీధి ఆడవాళ్ళు పనికి పోతూ చంటిపిల్లలను అక్క దగ్గర వదిలేవారు. పట్టుకోలేని చేతులతో ఎలా పెంచుతుందని మొదట భయపడ్డారు. ఆమె మోచేతులతో ఎత్తుకునేది, గడ్డంతో బుజ్జగించేది. పాలు వెచ్చగా ఉన్నాయో లేదో పెదవికి ఆనించి చూసేది. అలా ఆ వీధిలో ఒక తరం పిల్లలు ఆమె ఒళ్ళో పెరిగారు. వాళ్ళందరికీ ఆమె 'ఎస్తరమ్మ'. తల్లితనం ఆమెకు అంతమాత్రమే దక్కింది.

నేను చదువుకుని, విరుదునగర్‌లో ఒక చిన్న బడిలో టీచరునై, అక్కడే పెళ్ళి చేసుకున్నాను. మా ఆయన పప్పుల మండీలో పనిచేసేవాడు. కొన్నాళ్ళకు ఇంట్లోకి కరెంటు ఓవెన్ ఒకటి కొన్నాం. కొన్నది అక్క కోసమే. మంట ఉండదు, బొగ్గులు ఉండవు, బిళ్ళ తిప్పితే వేడి దానంతట అదే సరిగ్గా ఉంటుంది. క్రిస్మస్‌కు, నాయన పోయాక ఇంట్లో మిగిలిన అక్కనూ అమ్మనూ పిలిపించి, పసిపిల్లకు బొమ్మ చూపించినట్టు చూపించాను. అక్క ముందు కూర్చుని అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"దీనికి సెయ్యే అక్కర్లేదు కదా," అంది.

"అవునక్కా. నువ్వు సెప్పితే సాలు, నేను కలపతా."

"మంచిదే," అంది. కాని ఆ మాట నాకు సంతోషంగా వినపడలేదు. నేను పిండి కలుపుతుంటే పక్కన నిలబడి కొలతలన్నీ చెప్పింది. ఓవెన్ తలుపు వేయగానే వెళ్ళి వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా రోడ్డు అవతల పరోటా కొట్టు, నూనె వాసన, బస్సుల హారన్లు. అంత గోలలో, అంత దూరంలో కూర్చుని, ఉన్నట్టుండి లోపలికి కేక వేసింది: "సాలోమీ, తియ్యి ఇంక, అయిపోయింది." టైము బిళ్ళ ఇంకా తిరుగుతూనే ఉంది. తీసి పుల్ల గుచ్చి చూస్తే సరిగ్గా కాలింది. చేతికి తెలియనిది ముక్కుకు తెలిసింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అలాగే చేశాం. కేకు చక్కగా, నున్నగా, ఒక్క పగులు లేకుండా వచ్చేది. అందరూ మెచ్చుకునేవారు. అక్క ఒక ముక్క తిని, పళ్ళెం పక్కన పెట్టేది. పొగ వాసన లేదని ఆమె అనలేదు. నాకూ ఆ లోటు తెలుసు, నేనూ అనలేదు.

మొన్న వానాకాలంలో జ్వరం వచ్చింది అక్కకు. అందరికీ వచ్చే జ్వరమే. తగ్గుతుందనుకున్నాం. ఊపిరితిత్తులు అప్పటికే బాగా లేవని డాక్టరు అన్నాడు. తాయిల్పట్టి పొగ ఇన్నేళ్ళు లోపలే ఉండిపోయిందేమో. ఆదివారం ప్రార్థన గంట కొడుతుండగా పోయింది. ఆమె పెంచిన పిల్లలు, మీసాలొచ్చిన వాళ్ళు, చంకలో బిడ్డలున్న వాళ్ళు వచ్చి పెట్టె మోశారు. మోసేవాళ్ళకు చోటు చాలక వంతులు వేసుకున్నారు.

ఈసారి పండగకు అమ్మ పొయ్యి మీద బాణలి పెట్టలేదు. ఈసారి అలా ఉండటానికి కారణం ఉంది, తిట్టడానికి మనిషి లేదు. క్రిస్మస్ ఉదయం గుడి నుంచి వచ్చేసరికి ఒక్కొక్క ఇంటి నుంచీ పళ్ళేలు రావడం మొదలైంది. చూస్తే ఒక్కటీ ఇంట్లో చేసింది కాదు. అన్నీ బస్టాండు దగ్గర బేకరీ నుంచి తెచ్చినవి, కొన్నింటికి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. చివరికి జెబమణి అత్త మనవరాలు షీబా వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది. అక్క చేతుల్లో పెరిగిన వాళ్ళలో అందరికంటే చిన్నది. అట్టపెట్టెలో కేకు తెచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి, డ్యూటీ ఉందని వెళ్ళింది.

పిల్ల వీధి మలుపు తిరిగాక నేను పళ్ళేలన్నీ ఒక పక్కకు జరుపుతూ, "ఒక్కరింటిలో అన్నా బాణలి పెట్టలేదు సూడుమ్మా. ఈ వీదిలో ఇప్పుడు ఎవరికీ పలకారం సెయ్యను రాదు. అన్నీ అంగడి సరుకే," అన్నాను. నా గొంతులో చిరాకు నాకే వినపడింది.

అమ్మ నా వైపు చూడలేదు. షీబా వెళ్ళిన దారి వైపు చూస్తోంది.

"రాకపోతే పోనీ పాపా," అంది. "మాకి అన్నీ సెయ్యను వచ్చె. మా బిడ్డిల్ని పటాసు మందు షెడ్డుకి పంపిస్తిమి. ఈ వీదిలో ఇప్పుడు ఒక బిడ్డి గూడ ఆ పనికి పోలేదు. తెలుసా నీకి? కొనుక్కోని తిననీ. రోజూ సాయంత్రం బాగా ఇంటికి వస్తే సాలు నాకి."

అట్టపెట్టె తాడు విప్పి కేకు కోసి అమ్మకు పెట్టాను. మెత్తగా, తెల్లగా, పైన క్రీముతో ఉంది. వట్టి తీపి, వేరే రుచే లేదు. అమ్మ మెల్లగా, మిగిలిన పళ్ళతో నమిలి, అంతా తిని, వేళ్ళు చీర కొంగుకు తుడుచుకుంది. ఇంకో ముక్క అడిగింది. కోసి ఇచ్చాను.